సాయంత్రం దాకా చెల్లే ధర

కోల్‌కతాకు నేను వచ్చిన పని వేరు. బెంగాల్ ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో నిరుడు డిసెంబరు 16న ముసాయిదా వెలువడినప్పుడు 58 లక్షలకు పైగా పేర్లు అందులో లేవు. ఆ తరువాత మొదలైన విచారణల కోసం జనం 2002 నాటి జాబితాలో తమ పేరో, కన్నవారి పేరో వెతికి పట్టుకుని, దాన్ని కాగితం మీద అచ్చు వేయించుకుని, ప్రభుత్వ కార్యాలయాల ముందు వరుసలు కట్టారు. ఎన్నికల ముంగిట నిలిచిన రాష్ట్రంలో రాజకీయ విలేకరికి ఇంతకు మించిన వస్తువు అక్కర్లేదు. దాని గురించి పత్రికలో రాయవలసింది రాశాను. ఇక్కడ రాస్తున్నది ఆ పని మీద తిరుగుతుండగా దారిలో తగిలిన మరొక సంగతి. మొదట చిన్నదిగానే కనబడింది, ఫిబ్రవరి నెలంతా నన్ను వదల్లేదు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ సంగతి చాలామంది పాఠకులకు తెలిసే ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాల మూలంగా, ఎన్నికల వేళ గోడల మీద తెలుగు రాతలు కూడా కనబడే బెంగాలీ పట్టణం అది. అక్కడ మూడో తరం తెలుగాయన ఒకరు ఇంటర్నెట్ కొట్టు నడుపుతున్నారు. రైల్వే ఉద్యోగాల దరఖాస్తులు, ఆధార్ దిద్దుబాట్లు, పాన్ కార్డులు, ఈ శీతాకాలమంతా ఓటర్ల జాబితా నకళ్ళు, ఇదీ ఆయన వ్యాపారం. విచారణలకు పిలుపు వచ్చినవాళ్ళ వివరాల కోసం నేను ఆయన్ను ఫోన్లో పలకరించాను. మర్నాడు హౌరా లోకల్ పట్టుకుని కోల్‌కతా వస్తున్నానని, చాందినీ చౌక్‌లో పనుందని, అక్కడే కలుద్దామని అన్నారు.

చాందినీ చౌక్ అంటే ఢిల్లీది కాదు. కోల్‌కతాలో మెట్రో స్టేషను పక్కన, చిత్తరంజన్ ఎవెన్యూ నుంచి గణేశ్‌చంద్ర ఎవెన్యూ దాకా, మదన్ స్ట్రీట్ గుండా అల్లుకున్న ఎలక్ట్రానిక్ బజారు. మన సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ వీధి, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్ ఏ పని చేస్తాయో కోల్‌కతాకూ, దాని వెనుక ఈశాన్య భారతం సగానికీ ఇది ఆ పని చేస్తుంది. ఈ-మాల్‌లో కొత్త సరుకు, రోడ్డు వారన బల్లల మీద పాతది, నడుమ సందుల్లో రెండింటికీ మధ్యస్థమైనది. విరిగిన ఫోను తెర నుంచి పదిహేనేళ్ళ నాటి మదర్‌బోర్డు దాకా ఇక్కడ పనికిరాని వస్తువంటూ ఉండదు. (సాబిర్ హోటల్ రెజాలా కూడా ఈ చుట్టుపక్కలే. దాని గురించి రాస్తే వ్యాసం దారి తప్పుతుంది.)

ఆయన వచ్చింది ర్యామ్ కోసం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. కొట్టులోని పాత యంత్రాలకు విండోస్ 11 ఎక్కదు. అందుకని ఏదో కంపెనీ వదిలించుకున్న ఆరు వాడిన కంప్యూటర్లను కొన్నారు. ఒక్కొక్కదానిలో ఉన్నది 4 జీబీ మెమరీ. కాగితం మీద విండోస్ 11కు అది చాలు. బ్రౌజరులో రెండు ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరిచేసరికి మాత్రం యంత్రం ఊపిరాడక నిలిచిపోతుంది. నిరుడు వేసవిలో ఆయన 1,600 రూపాయలకు కొన్న 8 జీబీ డీడీఆర్4 స్టిక్‌కు ఆ రోజు అడిగిన ధర 5,200. ఆరింటికి కొందామని వచ్చిన మనిషి దుకాణం ముందు చాలాసేపు నిలబడి వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. దుకాణదారు మర్యాదస్తుడు, తొందరపెట్టలేదు. ఈ ధర సాయంత్రం దాకానే చెల్లుతుందని, రేపు ఎంతో తానూ చెప్పలేనని మాత్రం అన్నాడు. పక్కనే ఒక కుర్రవాడు 16 జీబీ డీడీఆర్5 అడిగాడు. కొద్ది నెలల క్రితం నాలుగైదు వేలు ఉన్నది పదిహేను వేల పైమాట అని తెలిసి నవ్వి వెళ్ళిపోయాడు. నవ్వు ఎందుకు వచ్చిందో నాకర్థమైంది. మరీ అన్యాయమైన ధర వింటే మొదట నవ్వే వస్తుంది.

"ఉల్లిపాయలైతే రేటు పెరిగితే తినడం మానేత్తాం అన్నగారూ. ఇది మానేత్తే కొట్టు మూసుకోవాల" అన్నారు ఖరగ్‌పూర్ ఆయన. చివరికి రెండు కొన్నారు, అవీ వాడినవి. మిగతా నాలుగు యంత్రాలను పడుకోబెట్టి, రెండింటి మీద నెట్టుకొస్తానన్నారు. ఆ రెండు యంత్రాల ముందు నిలబడే వరుసలో విచారణకు కాగితాలు అందుకోవలసిన ఓటర్లూ ఉన్నారు. ఒక కంపెనీ సియోల్‌లో కుదుర్చుకున్న ఒప్పందం ఖరగ్‌పూర్‌లో ఒక మనిషి తన తండ్రి పేరు వెతుక్కునే వేగాన్ని తగ్గించగలదని రాజకీయ విలేకరిగా ఇన్నేళ్ళలో నేనెన్నడూ ఊహించలేదు.

ఇంతకీ ఏం జరిగింది? మెమరీ అన్న మాట వినగానే చెరగకుండా నిలిచేదని అనుకుంటాం. కంప్యూటరు పని చేస్తున్నప్పుడు వాడుకునే డీరామ్ అటువంటిది కాదు. ఒక్కొక్క అంకెనూ ఒక సూక్ష్మమైన విద్యుదావేశంగా దాస్తుంది. ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది గనుక సెకనులో పదిహేనో వంతు తిరక్కుండానే మళ్ళీ మళ్ళీ నింపుతూ ఉండాలి. ఈ చిప్పును పెద్ద ఎత్తున చేయగల కంపెనీలు ప్రపంచంలో నికరంగా మూడు: కొరియాలో శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. ప్రపంచ డీరామ్ వ్యాపారంలో నూటికి తొంభై వంతులకు పైగా ఈ మూడింటిదే. చమురు దేశాల కూటమిలో కూడా ఇంతకంటే ఎక్కువమంది సభ్యులున్నారు.

కృత్రిమ మేధకు వాడే ఎన్విడియా ప్రాసెసర్ల పక్కన మామూలు ర్యామ్ సరిపోదు. డీరామ్ చిప్పులను ఎనిమిదో పన్నెండో ఒకదాని మీద ఒకటి పేర్చి చేసే హెచ్‌బీఎం అనే ప్రత్యేకమైన మెమరీ కావాలి. అంతే పరిమాణం మామూలు డీడీఆర్5 చేయడానికి పట్టే సిలికాన్‌కు దాదాపు మూడు రెట్ల సిలికాన్ దీనికి పడుతుందని మైక్రానే చెప్పింది. అంటే డేటా సెంటరుకు వెళ్ళే ఒక్కో గిగాబైటు బజారుకు రావలసిన మూడు గిగాబైట్ల చోటు తినేస్తున్నదన్న మాట. పొలం ఒకటే, మెట్టవరి పోసిన రైతుకు పొగాకు మీద నాలుగింతలు వస్తుందంటే ఏమి వేస్తాడు? వరి ధర పెరగడానికి కరువు రానక్కర్లేదు.

2025 జనవరిలో శ్వేతసౌధంలో ట్రంప్ సమక్షంలో 500 బిలియన్ డాలర్ల స్టార్‌గేట్ ప్రణాళికను ప్రకటించిన ఓపెన్‌ఏఐ, అదే ఏడాది అక్టోబరు 1న సియోల్‌లో శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో అవగాహన పత్రాలు రాసుకుంది. అందులో చెప్పిన లక్ష్యం నెలకు 9 లక్షల సిలికాన్ వేఫర్లు. ప్రపంచం మొత్తం డీరామ్ ఉత్పత్తిలో ఇది సుమారు 40 శాతమన్న అంచనాలు వచ్చాయి. అంత సరుకు నిజంగా కొంటుందా, కొనడానికి ఆ కంపెనీ దగ్గర డబ్బుందా అన్నది వేరే చర్చ. బజారుకు ఆ ప్రకటన చాలింది. ఫోన్లవాళ్ళు, ల్యాప్‌టాప్‌లవాళ్ళు, సర్వర్లవాళ్ళు అందరూ ఒకేసారి సరుకు దాచుకోవడం మొదలెట్టారు. డిసెంబరు 3న మైక్రాన్ మరో ప్రకటన చేసింది. మామూలు కొనుగోలుదారులకు మెమరీ అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్ని ఫిబ్రవరి చివరికల్లా ముగిస్తున్నానని, పెద్ద ఖాతాదారుల అవసరాలు ముందు చూసుకోవాలని అందులో సారాంశం. సరిగ్గా ఆ వారంలోనే రూపాయి డాలరుకు 90 దాటింది. చాందినీ దుకాణదారుకు దెబ్బ రెండు వైపుల నుంచి పడింది.

మెమరీ ధరలు ఎగిరిపడటం కొత్తేమీ కాదు. 1993 జూలైలో జపాన్‌లోని నీహామాలో సుమితోమో కెమికల్ కర్మాగారం పేలితే, చిప్పుల మీద పూసే రెసిన్ ప్రపంచంలో అధికభాగం అక్కడే తయారయ్యేది గనుక, ర్యామ్ ధరలు ఆకాశానికంటాయి. 2013లో చైనాలోని వూషీలో హైనిక్స్ కర్మాగారంలో మంటలు రేగినప్పుడూ అంతే. 1990ల చివర, 2000ల మొదట్లో కంపెనీలే కూడబలుక్కుని ధరలు నిర్ణయించాయి. ఆ నేరానికి అమెరికాలో ఇన్ఫినియన్ 160 మిలియన్ డాలర్లు, హైనిక్స్ 185 మిలియన్లు, శామ్‌సంగ్ 300 మిలియన్లు జరిమానా కట్టాయి. మైక్రాన్ దర్యాప్తుకు సహకరించి శిక్ష తప్పించుకుంది. అగ్నిప్రమాదమైతే కొన్ని నెలల్లో చల్లారుతుంది, కుట్రయితే కోర్టు ఉంది. ఈసారి ప్రమాదమూ లేదు, ఎవరూ రహస్యంగా కూడబలుక్కున్నారన్న ఆధారమూ లేదు. అంతా బహిరంగంగా, పత్రికా ప్రకటనలతో, వాటాదారుల చప్పట్ల నడుమ జరుగుతున్నది. కొత్త కర్మాగారాల సరుకు బజారుకు చేరడం 2027 తరువాతి మాట. అప్పుడైనా అది ఎవరి ముంగిటికి వెళుతుందన్నది వేరే.

ఈ నగరంలో నిలబడి ఈ విషయం ఆలోచిస్తే బారానగర్ గుర్తుకు రాక తప్పదు. దేశంలో మొట్టమొదటి డిజిటల్ కంప్యూటర్ అక్కడి భారత గణాంక సంస్థకే వచ్చింది. మహలనోబిస్ ప్రోద్బలంతో బ్రిటన్‌లో కొన్న హెచ్‌ఈసీ-2ఎం అనే ఆ యంత్రం 1955లో పెట్టెల్లో దిగి, మరుసటి ఏడాది నుంచి పనిచేసింది. ధర రెండు లక్షల రూపాయల చిల్లర. దాని మెమరీ గిర్రున తిరిగే ఒక అయస్కాంతపు పీపా. ఒక్కొక్కటి 32 బిట్లుగా 1,024 పదాలు దానిలో పట్టేవి. ఇప్పటి లెక్కలో 4 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసం అందులో పట్టదు. ఆ కాస్త మెమరీని కూడా దేశంలోని శాస్త్రజ్ఞులు వంతులు వేసుకుని వాడుకున్నారు. రెండో పంచవర్ష ప్రణాళిక రూపుదిద్దుకున్న ప్రాంగణంలోనే అది ఉండేది. తరువాత సోవియట్ యూనియన్ నుంచి ఉరల్ వచ్చింది. 1966లో గణాంక సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి ఐఎస్‌ఐజేయూ-1 పేరుతో సొంతంగా ఒక కంప్యూటరును తయారు చేశాయి కూడా. కోల్‌కతా ఈ విషయంలో వెనకబడి మొదలుకాలేదు.

అదే 1960లలో అదే నగరంలో మరో కథ నడిచింది. ఎల్‌ఐసీ ఇలాకో హౌస్‌లో కంప్యూటరు పెట్టబోతే ఉద్యోగులు రాత్రింబవళ్ళు భవనం చుట్టూ కాపలా కాసి దాన్ని లోపలికి రానివ్వలేదు. ఆ పోరాటాల ఒత్తిడితోనే కేంద్రం వి.ఎం. దాండేకర్ అధ్యక్షతన ఆటోమేషన్ మీద సంఘం వేసింది; 1972లో అది నివేదిక ఇచ్చింది. బెంగాల్ వామపక్షం గురించి మాట్లాడేవాళ్ళందరూ ఇప్పటికీ ఈ ఉదంతాన్ని ఎగతాళికి వాడుకుంటారు. కంప్యూటర్లను అడ్డుకున్న మూర్ఖులు, అందుకే పరిశ్రమలు బెంగుళూరుకూ హైదరాబాదుకూ పోయాయి అని. నాకు ఆ ఎగతాళి ఎప్పుడూ రుచించలేదు. కంప్యూటరు వల్ల ఉద్యోగాలు పోతాయన్న వాళ్ళ అంచనా తప్పిందనే అనుకుందాం. అయినా ఒక యంత్రం వచ్చేముందు దాని లాభం ఎవరికి, భారం ఎవరికి అని వాళ్ళు అడిగారు, అడిగి సమాధానం రాబట్టే బలం వాళ్ళకుండేది. ఇవాళ ఆ ప్రశ్న అడగడానికి ఖరగ్‌పూర్ కొట్టాయన ఏ భవనం చుట్టూ కాపలా కాయాలి?

ఇక సానంద్. బెంగాల్‌లో ఎవరితోనైనా పరిశ్రమల మాట ఎత్తండి, అయిదు నిమిషాల్లో సింగూరు దగ్గరికి వస్తారు. హుగ్లీ జిల్లాలో 997 ఎకరాలు, బుద్ధదేవ్ భట్టాచార్య ప్రభుత్వం, టాటా నానో, మమతా బెనర్జీ నిరాహారదీక్ష. 2008 అక్టోబరు 3న రతన్ టాటా సింగూరు వదిలేస్తున్నామన్నారు. నాలుగు రోజుల్లో గుజరాత్‌లోని సానంద్‌ను ప్రకటించారు. ఒక్క రూపాయి ఎస్సెమ్మెస్‌తో ఆహ్వానించానని నాటి ముఖ్యమంత్రి మోదీ ఆ తరువాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు సింగూరు భూసేకరణను కొట్టివేసింది. 2023లో మధ్యవర్తుల తీర్పు బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ టాటా మోటార్స్‌కు 765.78 కోట్లు, ఆపైన వడ్డీ చెల్లించాలంది. నానో కారు మాత్రం ఈలోగా ఆగిపోయింది.

ఆ సానంద్‌లోనే ఇప్పుడు మైక్రాన్ ఉంది. 2023 జూన్‌లో ప్రధాని అమెరికా పర్యటన సందర్భంగా ప్రకటించి, సెప్టెంబరులో భూమిపూజ చేసిన ఈ ప్రాజెక్టు వ్యయం 2.75 బిలియన్ డాలర్లు. అందులో కంపెనీ పెట్టేది 825 మిలియన్ల వరకు. సగం కేంద్రం, అయిదో వంతు గుజరాత్ ప్రభుత్వం భరిస్తాయి. అంటే వందకు డెబ్బై రూపాయలు మనవి. పత్రికల్లో చిప్ ఫ్యాక్టరీ అని రాస్తాం గాని అక్కడ సిలికాన్ మీద మెమరీ పుట్టదు. వేరే దేశాల్లో పుట్టిన చిప్పులను కోసి, పరీక్షించి, తొడుగు వేసి పంపిస్తారు. ఇది తక్కువ పనని నేననను. ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి, మొహాలీలో ప్రభుత్వరంగ సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1989 ఫిబ్రవరి 7న కాలిపోయిన తరువాత మనం మూడు దశాబ్దాలకు పైగా ఎక్కడా మొదలుపెట్టలేదు. నా అభ్యంతరం మరొకటి. వందకు డెబ్బై పెట్టినవాళ్ళకు ఆ సరుకు మీద ఉన్న హక్కు ఏమిటి? కొరత వచ్చిననాడు ఈ దేశపు బడికి, ఆసుపత్రికి, ఇంటర్నెట్ కొట్టుకు ఇంత భాగం ముందు ఇవ్వాలన్న మాట ఎవరైనా బహిరంగంగా అడిగారా? గోధుమ కొరత వస్తే ఎగుమతి ఆపుతాం, ఉల్లి కొరతకు నిల్వల మీద పరిమితి పెడతాం. 1998లో ఉల్లి ధర ఢిల్లీలో సుష్మా స్వరాజ్ ప్రభుత్వాన్ని పడగొట్టింది గనుక ఉల్లికి రాజకీయముంది. మెమరీకి లేదు. మన రాయితీ అందుకున్న కంపెనీయే మామూలు మనిషికి మెమరీ అమ్మే దుకాణాన్ని మూసేస్తున్నానంటే, దాని మీద ఢిల్లీలో నేను తిరిగే వరండాల్లో ఒక్క గుసగుస కూడా వినబడలేదు. మైక్రాన్ అధినేత సంజయ్ మెహ్రోత్రా కాన్పూర్‌లో పుట్టినవారని గర్వంగా రాసిన పత్రికలే ఆ వార్తను వాణిజ్యం పేజీలో రెండు అంగుళాల్లో వేశాయి.

పన్నుల సంగతి కూడా ఒకసారి చూద్దాం. 1996 నాటి సమాచార సాంకేతిక ఒప్పందంలో మనం చేరాం గనుక మెమరీ మీద దిగుమతి సుంకం లేదు. జీఎస్టీ 18 శాతం ఉంది. నిరుడు సెప్టెంబరు 22న పెద్ద టీవీలు, ఏసీలు 28 నుంచి 18కి దిగాయి. కంప్యూటర్లు ఉన్నచోటే ఉన్నాయి. ఇందులో ఒక మెలిక ఉంది. 1,600 మీద 18 శాతం 288 రూపాయలు, 5,200 మీద 936. ధర పెరిగినకొద్దీ ఖజానాకు వచ్చేదీ పెరుగుతుంది. పెద్ద కంపెనీ ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి తీసుకుంటుంది. జీఎస్టీ నమోదు లేని కొట్టుగానీ, ఇంట్లో చదువుకునే పిల్లగానీ తీసుకోలేరు. ఆసరా లేనివాడే పూర్తి పన్ను కడతాడు.

పిల్లల మాట వచ్చింది గనుక 'తరుణేర్ స్వప్న' గురించి చెప్పాలి. మహమ్మారి ఏడాదిలో బడులు మూతబడ్డప్పుడు మమతా బెనర్జీ ప్రభుత్వం పన్నెండో తరగతి పిల్లలకు ట్యాబో స్మార్ట్ ఫోనో కొనుక్కోమని తలా 10,000 రూపాయలు ఖాతాల్లో వేసే పథకం మొదలుపెట్టింది. ఇప్పుడు పదకొండో తరగతిలోనే ఇస్తున్నారు. 2024 నవంబరులో కొందరు పిల్లల డబ్బు ఎవరెవరి ఖాతాలకో మళ్ళిందని తేలి అరెస్టులు జరిగాయి. బీజేపీ దాన్ని కుంభకోణమంది, తృణమూల్ ముఠా పని అంది, రెండు వారాలు చానళ్ళు దానితోనే గడిపాయి. ఆ 10,000 అంకె మాత్రం 2021 నుంచి కదల్లేదు. ఫోన్లో మెమరీ ఖరీదు పెరిగితే అడుగు వరుస ఫోన్లకే ఎక్కువ తగులుతుంది. లక్ష రూపాయల ఫోనులో కంపెనీ తన లాభం కొంత తగ్గించుకుని సర్దుకోగలదు. పదివేల ఫోనులో తగ్గించుకోవడానికి లాభమే ఉండదు. కనుక ధర పెంచాలి, లేదా 8 జీబీ ఇచ్చే చోట 4 జీబీ ఇవ్వాలి. రెండూ జరుగుతున్నాయి. డబ్బు పూర్తిగా పిల్ల ఖాతాలో పడినా, ఎవరూ ఒక్క పైసా కాజేయకపోయినా, ఆ పిల్ల చేతికి నిరుటి కంటే తక్కువ ఫోను వస్తుంది. ఈ నష్టానికి ఎఫ్ఐఆర్ నమోదు కాదు, ఏ ప్రతిపక్ష నాయకుడూ ధర్నా చేయడు. మన దగ్గర 2022 డిసెంబరులో జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలు దాదాపు అయిదు లక్షల మందికి ట్యాబులు పంచినప్పుడు బైజూస్ గురించి ఎంతో రాశాం, రాయవలసిందే. అటువంటి పంపిణీ ఈ ఏడాది చేయాలంటే ఏ ప్రభుత్వమైనా టెండరు దగ్గరే చతికిలబడుతుంది.

ఢిల్లీకి ఈ రంగం మీద దృష్టి లేదనడం సరికాదు. 2023 ఆగస్టు 3న ఉన్నట్టుండి ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు కావాలన్నారు. అమెరికా ముఖం చిట్లించగానే వాయిదా వేసి, ఆపైన వట్టి నమోదు పద్ధతిగా మార్చారు. ఈ ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో, భారతదేశంలోని డేటా సెంటర్ల ద్వారా ప్రపంచానికి క్లౌడ్ సేవలు అందించే విదేశీ కంపెనీలకు 2047 దాకా పన్ను విరామం ప్రకటించారు. చదివినప్పుడు నేను సంవత్సరం అచ్చుతప్పేమో అనుకుని మళ్ళీ చూశాను. ఇరవై ఒక్క ఏళ్ళు. అప్పటికి ఇవాళ ట్యాబు డబ్బు అందుకున్న పిల్లల పిల్లలు బడిలో ఉంటారు.

తెలుగు పాఠకులకు ఇది బెంగాల్ గొడవ కాదని చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబరు 14న, అంటే విండోస్ 10 మూతపడ్డ రోజునే, ఢిల్లీలో గూగుల్ విశాఖపట్నం డేటా సెంటర్ ఒప్పందం జరిగింది. అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు, ఒక గిగావాట్, అదానీ, ఎయిర్‌టెల్ భాగస్వాములు, తర్లువాడ, అడవివరం, రాంబిల్లి స్థలాలు. రాష్ట్రం ఇచ్చే రాయితీల విలువ 22 వేల కోట్లని పొరుగున కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే ఎత్తిపొడిచారు. లోకేశ్ జవాబిచ్చారు. ఆ మాటల యుద్ధం మనవాళ్ళందరూ ఆసక్తిగా చూశారు. చంద్రబాబునాయుడు హైటెక్ సిటీ కట్టిన రోజుల్లో కంప్యూటరు వస్తే దాని వెంట ఉద్యోగాలు, శిక్షణ కేంద్రాలు, అమీర్‌పేట వచ్చాయి. మధురానగర్ మేడ మీద అద్దెగదిలో నలుగురు కుర్రవాళ్ళు చందాలు వేసుకుని చినాయ్‌లో విడిభాగాలు కొని కంప్యూటరు బిగించుకున్నారు. ఆ తరం అమెరికా వెళ్ళిన దారి ఆ చవక ర్యామ్ మీదుగానే పడింది. ఇప్పుడు వస్తున్న భవనం ఉద్యోగాలకంటే ఎక్కువగా కరెంటు, నీరు, భూమి అడుగుతుంది. లోపల అరల నిండా పేర్చే మెమరీ ఎక్కడి నుంచి వస్తుందో, ఆ చినాయ్ కుర్రవాడికి అందకుండా పోతున్నది కూడా అక్కడి నుంచే. డేటా సెంటరు వద్దని నేననడం లేదు. వచ్చేదేమిటో, దాని ఖరీదు పద్దులో ఏయే వరుసలు రాయడం లేదో తెలిసి రమ్మనాలంటున్నాను.

మార్చిలో విశాఖ వెళుతున్నాను. తర్లువాడ రైతులు భూముల గురించి చెప్పేది వినాలి, నీటి లెక్క అధికారులను అడగాలి. ద్వారకానగర్‌లో కంప్యూటరు దుకాణాలవాళ్ళను 8 జీబీ డీడీఆర్4 ఎంతకు ఇస్తారో కూడా అడిగి రాస్తాను. అదే రోజు సికింద్రాబాద్‌లో ఎవరైనా పాఠకులు ధర కనుక్కుని తేదీతో సహా తెలియజేస్తే రెండూ పక్కపక్కన వేస్తాను. ఉదయం అడిగారో సాయంత్రం అడిగారో కూడా రాయండి.